నడుములో నాలుగు స్క్రూలు

ధనరాజు నడుముకు బెల్టు బిగించే పని సత్యకుమారిది. పెళ్లయిన మర్నాటి నుంచీ ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు. పొద్దున్నే అతను గోడకేసి తిరిగి ఊపిరి బిగబడితే, ఆమె వెనక నుంచి చేతులు పోనిచ్చి, రెండు కొసలూ పొట్ట మీదికి లాగి అంటించేది. విప్పేటప్పుడు ఆ అంటు చర్రుమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడంటే ఆమెకు ఎంతిష్టమంటే, ఒక్కోసారి కావాలనే వంకరగా అంటించి, "అయ్యో, మళ్లీ విప్పాలి బావా" అనేది.

"బెల్టెడతన్నావా, ఆడతన్నావా?" అనేవాడు ధనరాజు.

"రెండూనూ."

వాకిట్లో నుంచి అత్త కనక కేకేసేది. "బేగి కానీండమ్మా. అంబలి సల్లారిపోతంది. మీ ముచ్చట్లకి పొయ్యి కూడా సిగ్గుపడి ఆరిపోయినాది."

రెండువేల నాలుగో సంవత్సరం ఎండాకాలమంతా సత్యకుమారికి అలాగే గడిచింది. కాఫీ తోటలు పూసి కొండంతా వాసన వస్తే సంతోషం. సంతలో కొన్న స్టీలు గ్లాసు మీద తన పేరు చెక్కించుకుంటే సంతోషం. అరకులో బీయస్సీ చదివి, ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్పే పిల్ల ఇలా చిన్నపిల్లలా మురిసిపోతుందేమిటని తోటి టీచర్లు ఆటపట్టించేవారు. ఆటపట్టిస్తే అదీ సంతోషమే.

బెల్టు కథ వేరు. అది ముచ్చటకు పెట్టుకున్నది కాదు.

ధనరాజు అంతకు ముందు కాఫీ పళ్లు ఒలిచే యూనిట్‌లో బస్తాలెత్తేవాడు. సత్యకుమారిని అతనికి అనుకున్న కొత్తలోనే, తడి బస్తా ఒకటి భుజానికెత్తుకుంటూ నడుము పట్టేసి కూలబడ్డాడు. ఆ తర్వాత ఎడమ కాలు మొద్దుబారడం మొదలైంది. విశాఖపట్నం తీసుకెళితే, వెన్నెముక చిట్టచివర ఒక పూస కింద పూస మీద నుంచి ముందుకు జారిందన్నారు. శీతాకాలంలో ఆపరేషన్ చేసి, జారిన పూసకు రెండు, కింది పూసకు రెండు, మొత్తం నాలుగు స్క్రూలు వేసి, వాటిని రెండు కమ్మీలతో కలిపారు.

ఆపరేషన్ చేసిన డాక్టరు సర్వేశ్వరరావు శ్రీకాకుళం వైపు రైతుబిడ్డ. సత్యకుమారినీ ఆమె తండ్రి భీముణ్ణీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు.

"ఈ స్క్రూలు మీవాడి బరువు మొయ్యడానికి కాదమ్మా. కదలకుండా పట్టుకోడానికి. మొయ్యాల్సింది ఎముకే. తుంటి దగ్గర కొంచెం ఎముక గీకి తీసి ఆ రెండు పూసల మధ్యా పెట్టాం. అది రెండు వైపులా అతుక్కుని, రెండు పూసలూ ఒకే ఎముక అయ్యేదాకా ఈ కమ్మీలు కాపలా ఉంటాయి. ఏడాది పట్టొచ్చు. ఈలోగా వంగి బరువెత్తకూడదు. నడుము మెలితిప్పకూడదు."

"ఎత్తితే స్క్రూలు విరిగిపోతాయా సార్?"

"అక్కడే అందరూ పొరబడతారు. ఎద్దును కట్టే గుంజ ఉందనుకో. ఎద్దు రోజూ గుంజుతూ ఉంటే గుంజ విరుగుతుందా? గుంజ బాగానే ఉంటుంది. చుట్టూ ఉన్న మట్టి వదులైపోతుంది. ఇదీ అంతే. స్క్రూకి ఏమీ కాదు, ఎముకే దాన్ని వదిలేస్తుంది. అందులోనూ కింది పూస లోపల మెత్తగా ఉంటుంది. ముందు అక్కడే వదులవుతుంది."

చేతిలో పదికిలోలు పట్టుకుని ముందుకు వంగితే నడుము మీద పడేది పదికిలోలు కాదని కూడా చెప్పాడు. కావడిబద్దను మధ్యలో కాకుండా ఒక కొసకు దగ్గరగా భుజాన పెట్టుకుంటే, అవతలి బరువును ఆపడానికి ఈ పొట్టి కొసను ఎంత బలంగా అదమాలో, వీపు కండరాలు అంత బలంగా లాగుతాయట. ఆ లాగుడంతా పూసల మీదా స్క్రూల మీదా పడుతుందట. సత్యకుమారికి కాలేజీలో చదివిన తులాదండం పాఠం గుర్తొచ్చి అంత బాధలోనూ సరదా వేసింది. రైల్లో తిరిగొస్తూ తండ్రికి అదంతా మళ్లీ చెప్పింది. భీముడు చుట్ట నములుతూ తలూపాడు.

మాఘంలో పెళ్లి జరిగింది. వాళ్లలో పిల్లనిచ్చే ఇంటికి అబ్బాయి వైపు నుంచే ఓలి సొమ్ము రావాలి. ఇచ్చుకోలేని అల్లుడు తొలి ఏడాది మామ పొలంలో గట్లు వేసి, దుక్కి దున్ని, నాట్ల దాకా ఒళ్లు వంచి ఆ రుణం తీర్చుకుంటాడు. ఆస్పత్రి ఖర్చులతో ధనరాజు ఇంట ఇవ్వడానికేమీ మిగల్లేదు. అప్పుడు భీముడు పెద్దలందరి ముందూ లేచి నిలబడి, "అల్లుడి నడుం బాగోనేదు. నాకు ఓలీ వొద్దు, సాకిరీ వొద్దు. నా గుంట సుకంగుంటే సాలు" అన్నాడు.

పసుపు మొహంతో కూర్చున్న సత్యకుమారి ఆ మాటకు కరిగిపోయింది. అంతటి తండ్రి ఈ ఏజెన్సీలో ఇంకెవరికున్నాడని తర్వాత బడిలో కనిపించినవాళ్లకల్లా చెప్పుకుంది.

పెళ్లయిన నెలకు ధనరాజుకు కాఫీ నర్సరీలో పని దొరికింది. కూర్చుని మొక్కలు చూసుకునే పని, జీతం సీజను చివర్లో ఒక్కసారే ఇస్తారు అన్నాడు. ఆమె గంతులెయ్యడమొక్కటే తక్కువ. ఊటగెడ్డ దగ్గర నీళ్లకు వెళ్లినప్పుడు ఆడవాళ్లతో, "మా బావకు కుర్చీ వేసి కూర్చోబెడుతున్నారు తెలుసా" అనేది. వాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వేవారు. కొత్త పెళ్లికూతురు మురిపెం చూసి నవ్వుతున్నారనుకుని తనూ నవ్వేది. సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చేసరికి ధనరాజు గెడ్డలో స్నానం చేసి, జుట్టులోంచి నీళ్లు కారుతుండగా అరుగు మీద కూర్చునుండేవాడు. ఆ తడి జుట్టు చూస్తే ఆమెకు గుండె జల్లుమనేది. తనకోసమే ఇంత శుభ్రంగా తయారై ఎదురుచూస్తున్నాడని అత్తతో గొప్పగా చెప్పింది కూడా. కనక పొయ్యిలోకి చూస్తూ "ఊఁ" అంది.

వానలు బాగా పట్టాక విశాఖపట్నం వెళ్లారు. సర్వేశ్వరరావు కొత్త ఎక్స్‌రేని వెలుతురు పెట్టెకు తగిలించి చాలాసేపు చూశాడు. తర్వాత పెన్ను మొనతో కింది స్క్రూలు రెండూ చూపించాడు. ఒక్కోదాని చుట్టూ సన్నటి నల్లగీత ఉంది, కాటుక పెట్టినట్టు.

"ఇది ఉండకూడదు. ఇక్కడ ఎముక వదిలేస్తోంది. మధ్యలో పెట్టింది ఇంకా అతుక్కోలేదు. బరువులెత్తుతున్నావా ధనరాజూ?"

"లేదండీ" అంది సత్యకుమారి. "నీళ్ల బిందె కూడా ముట్టుకోనివ్వను."

"నేనతన్ని అడిగానమ్మా."

"నేను చెబుతున్నాను కదండీ. కూర్చునే పని చేస్తాడు. బెల్టు నేనే కడతాను. దాని మీద మరక కూడా లేదు, చూడండి."

డాక్టరు బెల్టు వైపు కాక ధనరాజు వైపు చూశాడు. ధనరాజు నేలమీది పలకల గళ్ల వైపు చూస్తున్నాడు.

"అయితే మీరు వెయ్యడంలోనే ఏదో లోపముండాలి" అంది ఆమె. తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమె అనుకోలేదు.

సర్వేశ్వరరావు కోపం తెచ్చుకోలేదు. "ఉండొచ్చు. లేదూ ఎముకే మెత్తనిదై ఉండొచ్చు. ఏదైనా ఇక మూడు నెలలు పడకా, మెల్లగా నడకా తప్ప వేరే పని వద్దు. ఇంకా అతుక్కునే వీలుంది. స్క్రూలు పూర్తిగా ఊగిపోతే మళ్లీ కోయాలి. వదులైన కన్నంలో రెండోసారి పట్టు దొరకదు. ఇంకా లావువి, పొడుగువి వేసి, తుంటి ఎముక దాకా కమ్మీ దించాలి. అప్పటికీ కాలు ఇలాగే ఉంటుందని మాటివ్వలేను."

రైల్లో ఆమె కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. "ఆ డాక్టరుకి చేతకాలేదు. చేతకాక నీమీద నెడుతున్నాడు" అంది. ధనరాజు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఊరుకో సత్యా" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అది కూడా అతని మంచితనమే అనుకుంది.

రెండో రోజు బడిలో ఆమెకు పాఠం సాగలేదు. నాన్న దగ్గరికి వెళ్లాలనిపించింది. భీముడికి చెబితే ఆ డాక్టర్ని నాలుగు దులుపుతాడు, లేకపోతే వేరే డాక్టర్ని చూద్దామంటాడు, ఏమీ లేకపోయినా తల మీద చెయ్యి వేస్తాడు. మధ్యాహ్నం సెలవడిగి పుట్టిన ఊరు పనసపుట్టు దారి పట్టింది. అది అత్తవారి ఊరికి గెడ్డ అవతల. సన్నగా జల్లు పడుతోంది.

దారి మలుపు నుంచి తండ్రి పొలం కనిపిస్తుంది. కొండవాలులో మెట్లు చెక్కినట్టు చిన్నచిన్న మడులు. కింది మడిలో ఎవరో దున్నుతున్నారు. కూలిమనిషిని పెట్టుకున్నాడు కాబోలు అనుకుంది. మైదానంలోనైతే చాలు పొడుగ్గా సాగుతుంది, అరక తిప్పే పని ఎప్పటికో గాని రాదు. ఇక్కడ ఎద్దులు కాస్త నడిచేసరికి గట్టు ఎదురొస్తుంది. వచ్చినప్పుడల్లా దున్నేవాడు వంగి, నాగలిని బురదలోంచి పెరికి ఎత్తి, నడుము పక్కకు తిప్పి, కొత్త చాలులో దించాలి. ఆ మనిషి నాగలి ఎత్తాడు. ఎత్తి తిప్పేటప్పుడు ఎడమ కాలు కొంచెం ఈడ్చాడు.

ఆ ఈడ్పు ఆమెకు తెలుసు.

గట్టు మీద అడ్డాకుల గొడుగు కింద బెల్టు ఉంది. తడవకుండా పాలిథిన్ సంచీలో చుట్టి, పైన రాయి పెట్టి ఉంది.

"బావా" అంది.

ధనరాజు ఆగాడు. ఎద్దులు ఇంకో రెండడుగులు వేసి అవీ ఆగాయి. అవతలి గట్టు మీద చుట్ట కాలుస్తూ కూర్చున్న భీముడు గబుక్కున లేచాడు.

"వానలో ఏటొచ్చినావే గుంటా? బడి నేదా?"

ఆమె తండ్రి మొహంలోకి చూసింది. "ఆస్పత్రిలో నా పక్కనే కూర్చున్నావు కదా అయ్యా. ఎద్దూ గుంజా సంగతి విన్నావు కదా. రైల్లో నీకు మళ్లీ చెప్పాను."

"సెప్పినావు. నాను ఇన్నాను." భీముడు చుట్ట పారేశాడు. "గుంజంటే కర్ర. ఈడి నడుంలో ఉన్నది ఇనుం. ఇనుం ఎట్టించుకున్నోడి నడుం మనకన్నా గట్టిదే అవుద్ది కదా అనుకున్నాను. ఊర్లో అందరూ అలాగే అన్నారు. ఆడికేటి బయం, నడుంలో పట్టాలేసుకొచ్చినాడు, రైలెల్లినా సలించడు అన్నారు."

"పెద్దల ముందు సాకిరీ వద్దన్నావు."

"అన్నాను. అబద్దం ఆడనేదు. ఆడే వొచ్చినాడు. సంతలో మనోళ్లు, ఉట్టినే పిల్లని తోలుకుపోయినాడు అని ఎగతాళి సేత్తన్నారు మామా, తలెత్తుకోలేకపోతన్నాను, నాను దున్నుతాను అన్నాడు. వొద్దన్నాను. మళ్లొచ్చినాడు. నాకూ ఒంట్లో సత్తువ తగ్గింది కదే. సరే అన్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

భీముడు అల్లుడి వైపు చూశాడు. "నీకు సెప్పొద్దన్నాడు."

ధనరాజు నాగలి మేడి వదల్లేదు. దాన్ని పట్టుకునే నిలబడ్డాడు. "ఇదొక్క మడే సత్యా. ఇది అయిపోతే ఇంక నాట్లే. ఇంకెవుడూ నన్నేటీ అననేడు."

"ఎప్పటి నుంచి?"

"శివరాత్రి ఎల్లిన కాడ నుంచి. ముందల పొలానికి పెంటగత్తం మోసినాను. మరి గట్లకి రాళ్లేసినాను. మరి దుక్కి."

నర్సరీ లేదు. కుర్చీ లేదు. సాయంత్రాల ఆ తడి జుట్టు ఆమె కళ్లముందుకు వచ్చింది. అది ఆమెకోసం చేసిన స్నానం కాదు. మామ పొలం బురద కడుక్కోవడం. గెడ్డ దగ్గర ఆడవాళ్ల నవ్వు చెవుల్లో వినిపించింది. బెల్టు చూపించి డాక్టరుతో వాదించిన తన గొంతు వినిపించింది.

"మొన్న ఆ నల్లగీత నీ కళ్లతో చూశావు" అంది.

"సూసినాను."

"చూసి మళ్లీ వచ్చావు."

ఆమె బెల్టు మీది రాయి తియ్యలేదు. దాన్ని అక్కడే ఉంచి వెనక్కి తిరిగింది. భీముడు రెండుసార్లు పిలిచాడు.

ఇంటి దగ్గర కనక చోళ్లు చెరుగుతోంది. కోడలి మొహం చూసి చేట కింద పెట్టింది.

"నీకు తెలుసా అత్తా?"

"ఊరందరికీ తెలుసమ్మా" అంది కనక. "ఒద్దురా అని నాను సెప్పినాను. పెళ్లాం జీతం తింటా, మామ వొదిలేసిన ఓలి దానం తీసుకుని బతకమంటావేటి అని నా మీద అరిసినాడు. మగోడికి నడుం నొప్పి ఓర్సుకోడం తెలుసు, మాట ఓర్సుకోడం తెలీదు."

"నువ్వైనా నాకు చెప్పొచ్చు కదా."

"ఎలా సెప్పీది? ఆడి తడిజుట్టు గురించి నువ్వు నాకాడ సంబరపడతా సెప్పినావు. నాకు నోరు రానేదు."

సాయంత్రం ధనరాజు వచ్చాడు. ఈసారి స్నానం చెయ్యలేదు. మోకాళ్ల దాకా ఎర్రబురద. అరుగు చివర కూర్చుని అన్నాడు.

"నువ్వంత సంతోసంగా ఉంటే ఎలా సెప్పగల్ను సత్యా?"

"నా సంతోషం నీకు అడ్డమొచ్చిందా? పనికొచ్చిందా?"

జవాబు ఇద్దరికీ తెలుసు. ఆమె సంతోషంగా ఉన్నంతకాలం ఏదీ అడగలేదు, ఏదీ వెతకలేదు. అది వాళ్లందరికీ ఎంతో వీలైంది.

మర్నాడు సత్యకుమారి అరకు వెళ్లి ఎస్‌టీడీ బూత్ నుంచి తనతో కాలేజీ హాస్టల్లో ఉన్న బేబికి ఫోను చేసింది. బేబి విశాఖపట్నంలో నర్సు. ఆస్పత్రికి దగ్గర్లో రెండు గదుల్లో ఒంటరిగా ఉంటుంది. "వచ్చెయ్యవే, దానికడగాలా" అంది. హెడ్‌మాస్టరు సెలవు గురించి గొణిగి చివరికి సంతకం పెట్టాడు. ఇంటికొచ్చి భర్తతో నిలబడే మాట్లాడింది.

"ఇక్కడుంటే నువ్వు పడుకోవు. పడుకుంటానని మాటిచ్చినా నేనిప్పుడు నమ్మలేను. రేపు మధ్యాహ్నం రైలుకు బేబి ఇంటికి వెళ్తున్నాను, మూడు నెలలూ అక్కడే. ఘాటీలో బస్సు కుదుపులు నీకు పడవు, అందుకే రైలు. వస్తే ఖాళీ చేతులతో రావాలి. సామాను నేనూ అత్తా మోస్తాం."

"స్టేషన్‌కి పనసపుట్టు మీదుగా ఎల్లాలి."

"తెలుసు."

"ఆడోళ్ల నెత్తిన మూటలెట్టి, నాను సేతులూపుకుంటా మామ ఊర్లోంచి నడవాలా? దానికన్నా నన్ను సంపెయ్యరాదా."

"నువ్వు రాకపోతే నేను బేబి దగ్గరే ఉండిపోతాను" అంది. బెదిరించడానికి అన్న మాట కాదు. రాత్రంతా ఆలోచించుకున్న మాట. ఆ నడుము నిలుస్తుందో లేదో ఆమెకు తెలియదు. అది కళ్లముందే విరుగుతుంటే మళ్లీ ఏమీ తెలియనిదానిలా నవ్వుతూ తిరగడం మాత్రం ఆమె వల్ల కాదు.

మర్నాడు ఆమె బట్టల మూట నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. వెనక కనక బియ్యం, చోడిపిండి మూటతో. ధనరాజు గుమ్మంలో నిలబడ్డాడు. బెల్టు ఎవరు కట్టారో, ఎలా కట్టుకున్నాడో, చొక్కా మీదికే వంకరగా ఉంది. ఆమె ఆగలేదు. గెడ్డ దాటుతుంటే వెనక రాళ్ల మీద మూడో మనిషి అడుగుల చప్పుడు వినిపించింది. ఎడమ కాలు ఈడ్చే అడుగులు.

పనసపుట్టు అరుగుల మీద పొద్దుటి వానకు పని మానుకున్న మగవాళ్లు కూర్చునున్నారు.

"ఏటిరా ధనరాజూ, పెళ్లాం కూలికి దొరికిందేటి?"

"ఆడికి నడుం నొప్పేటో, సేతులకేటొచ్చిందో."

"పట్టాలున్నాయి కదా, రైలెందుకురా?"

అందరూ నవ్వారు. ధనరాజు అలవాటుగా చెయ్యి చాచి తల్లి నెత్తిమీది మూట పట్టుకోబోయాడు. కనక తల పక్కకు తిప్పుకుంది. అతని చెయ్యి గాల్లో కాసేపుండి కిందికి దిగింది.

"డాక్టరు బరువెత్తొద్దన్నాడు" అన్నాడు అరుగుల వైపు తిరిగి. గొంతు గట్టిగా రాలేదు గాని వినిపించింది. "ఎత్తితే కాలు పోతాది. మామ పొలం ఇంక దున్నను."

"ఏటి, నీకోసం నీ పెళ్లామే దున్నుతాదేటి" అని ఒకడు గొణిగాడు. మిగతావాళ్ల నవ్వు ఆగింది.

భీముడు కింది మడిలో ఉన్నాడు. మిగిలిన చాళ్లు తనే దున్నుకుంటున్నాడు. ముగ్గుర్నీ చూసి ఎద్దుల్ని ఆపి గట్టు దాకా వచ్చాడు. "బేగి ఎల్లండి, వానొచ్చేలా ఉంది" అన్నాడు.

"వస్తాను అయ్యా" అంది సత్యకుమారి. పెళ్లయ్యాక ఆ దారిన పోతూ తండ్రి దగ్గర ఆగకపోవడం అదే మొదటిసారి.

స్టేషన్లో కనక మూటలు ఎక్కించి, కోడలి చెయ్యి ఒకసారి నొక్కి దిగిపోయింది. పెట్టెలో జనం తక్కువ. ధనరాజు కిటికీ పక్కన కూర్చుని, తుండుగుడ్డతో తన పక్క చోటు తుడిచాడు. సత్యకుమారి మూటలు సర్దుకుని ఎదుటి బల్ల మీద కూర్చుంది.

రైలు కదిలింది. తుడిచిన చోట ఎవరూ కూర్చోకుండా ధనరాజు అరచెయ్యి పెట్టి ఉంచాడు. బొర్రా దాటేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది. సత్యకుమారి దాన్ని చూస్తూనే ఉంది. లేచి అటు వెళ్లలేదు.